తుపాకీ లైసెన్సుకి సంఘం లెటర్‌హెడ్డా?



వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో ఐదో అంశం చూసే ఉంటారు. ఆయుధ లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకునే సభ్యులకి సంఘం లెటర్‌హెడ్ మీద సత్ప్రవర్తన పత్రం ఇవ్వాలనీ, పోలీసు విచారణలో ఏం చెప్పాలో ముందుగా తర్ఫీదు ఇవ్వాలనీ ప్రతిపాదన. దీన్ని నేను వ్యతిరేకిస్తున్నాను. ఎందుకని రెండు రోజులుగా ఫోన్లు వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే కంటే అందరికీ ఒకేచోట చెప్పడం మంచిదని ఇక్కడ రాస్తున్నాను. పెద్ద పోస్టే. ఓపికగా చివరిదాకా చదివి, ఆ తర్వాత తిట్టాలనుకుంటే తిట్టండి.

ముందే ఒక మాట. పందుల బాధతో రాత్రిళ్ళు మంచె మీద కాపలా కాసే రైతు తుపాకీ అడగడం తప్పని నేను అనడం లేదు. లైసెన్సు అడగడం నేరం కాదు. నా గొడవంతా ఆ విచారణ గురించి, అందులో మనం పెట్టబోయే సంతకం గురించి.

మొదట ఒక సంగతి తేల్చుకుందాం. మన దేశంలో తుపాకీ హక్కు కాదు. అమెరికాలో ఉన్న మన పిల్లలు చెప్పేది వేరే దేశం కథ. అక్కడ రాజ్యాంగం రెండో సవరణలోనే ఆ హక్కు రాసి ఉంది. 2022లో బ్రూయెన్ కేసులో వాళ్ళ సుప్రీంకోర్టు, బయటికి తుపాకీ తీసుకెళ్ళడానికి "నాకు ప్రత్యేకమైన అవసరం ఉంది" అని పౌరుడు రుజువు చేసుకోనక్కర్లేదని తేల్చింది. అయినా ఆ వెంటనే న్యూయార్క్ రాష్ట్రం చేసిన చట్టంలో ఏముందో చూడండి. తుపాకీ బట్టల్లో దాచుకుని తిరిగే లైసెన్సు కావాలంటే అధికారి ఎదురుగా ఇంటర్వ్యూకి కూర్చోవాలి. తన నడవడిక గురించి చెప్పగలిగిన నలుగురి పేర్లు ఇవ్వాలి. హక్కు ఉన్నచోటే అంత విచారణ జరుగుతుంటే, హక్కే లేని చోట విచారణని ఒక తంతుగా చూడడం ఏం న్యాయం? అమెరికా రాజ్యాంగంలో ఉన్నలాంటి ఆయుధ హక్కు మనకి లేదని మన సుప్రీంకోర్టు కూడా 2023లో, లైసెన్సు లేని తుపాకుల విషయం విచారిస్తూ చెప్పింది.

"మరి కొడగు వాళ్ళకి లైసెన్సే అక్కర్లేదు కదా, మనమేం పాపం చేశాం" అని గ్రూపులో ఒకరు పెట్టారు. కొడవలకీ, జమ్మా భూముల హక్కుదార్లకీ ఉన్న ఆ మినహాయింపు బ్రిటిష్ కాలం నుంచి వస్తోంది. 2021లో కర్ణాటక హైకోర్టు దాన్ని సమర్థించింది. అది కూడా కేంద్రం గడువు పెట్టి, 2029 దాకా ఇచ్చినదే. వాళ్ళ చరిత్ర వాళ్ళది. మా తాతలు తుంగభద్ర కాలువ నీళ్ళొచ్చాక గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఉన్నది అమ్ముకుని గంగావతి, సింధనూరు వైపు వచ్చి క్యాంపులు వేసుకున్నవాళ్ళు. నాగలితో వచ్చాం. ఇంకొకరికి ఉన్నదాన్ని చూపించి మనకి ఇమ్మనడం వాదన కాదు, ఉక్రోషం.

ఇక విచారణ సంగతి. చాలామందికి అదేమిటో, ఎందుకో తెలియదు. తెలియకే బ్రోకర్ చెప్పిందే వేదం అవుతోంది.

ఆయుధాల చట్టం 1959లో వచ్చింది. ఇప్పుడు నడుస్తున్న నియమాలు 2016 నాటివి. ఫారం ఎ-1 నింపి జిల్లాలో అయితే డీసీకి, మిగతా రాష్ట్రాల వాళ్ళయితే కలెక్టరుకి, కమిషనరేట్ ఉన్న నగరాల్లో పోలీసు కమిషనరుకి ఇస్తాం. చట్టం 13వ సెక్షను ప్రకారం ఆ అధికారి మన దగ్గర్లోని స్టేషను నుంచి నివేదిక తెప్పించుకోవాలి. స్టేషను వాళ్ళకి గడువు 30 రోజులు. నివేదిక అందాక నిర్ణయానికి 60 రోజులు. గడువులోగా నివేదిక రాకపోతే దాని కోసం ఆగకుండా నిర్ణయం చేసే అధికారం కూడా ఆయనకి ఉంది. కాదంటే కారణాలు కాగితం మీద రాయాలి. మనం అడిగితే క్లుప్తంగానైనా వాటిని మనకి ఇవ్వాలి. ప్రజాహితం దృష్ట్యా ఇవ్వకూడదనుకుంటే తప్ప ఎగ్గొట్టడానికి లేదు. ఇదంతా 14వ సెక్షను. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో కాదనకూడదని కూడా అందులోనే ఉంది. పై అధికారికి అప్పీలుకి 18వ సెక్షను ఉంది.

అంటే ఆ 30 రోజుల్లో స్టేషను వాళ్ళు తేల్చాల్సింది ఏమిటి? ఈ మనిషి చేతికి తుపాకీ ఇస్తే అతనికీ, ఇంట్లోవాళ్ళకీ, ఊరికీ ప్రమాదం లేదా అన్న ఒక్క ప్రశ్న. స్టేషనుకి పిలిచి అడిగేదీ, ఇంటికొచ్చి బీరువా చూసేదీ, పక్కింటివాళ్ళ మాట రాసుకునేదీ అన్నీ ఆ ప్రశ్న కోసమే. ఇప్పుడు మన ప్రతిపాదన ఆ ప్రశ్నకి మూడు విధాలుగా గండి కొడుతోంది.

మొదటిది తర్ఫీదు. డీసీ ఆఫీసు బయట జిరాక్సు షాపుల దగ్గర నిలబడే బ్రోకర్లు ఇప్పటికే ఆ పని చేస్తున్నారు. "పందులు అనొద్దు, ప్రాణహాని అను. ధాన్యం వ్యాపారం, రోజూ లక్షలు పట్టుకుని తిరుగుతా అను. ఇద్దరు బైకు మీద వెంబడించారు అను." ఒకే బ్రోకర్ దగ్గరికి వెళ్ళిన పదిమందినీ అదే బైకు వెంబడిస్తుంది. దఫేదారుకి ఆ మాత్రం తెలియదా? వెంటనే అడుగుతాడు: "ఎప్పుడు? ఎక్కడ? కంప్లయింటు ఇచ్చావా? కాపీ ఏది?" అక్కడ నోరు ఎండిపోతుంది. లేని ప్రాణహాని చెప్పినవాడి నిజమైన పందుల గోడు కూడా ఆ తర్వాత ఎవరూ నమ్మరు.

ఇంకో సంగతి. ఒకవేళ ఆ అబద్ధంతో లైసెన్సు వచ్చిందనుకోండి. ముఖ్యమైన సంగతి దాచిపెట్టి గానీ, తప్పు సమాచారం ఇచ్చి గానీ తీసుకున్న లైసెన్సుని 17వ సెక్షను కింద ఎప్పుడైనా రద్దు చేయొచ్చు. ఐదేళ్ళ తర్వాత రెన్యువల్‌కి వెళ్ళినప్పుడు కొత్త దఫేదారు పాత ఫైలు తిరగేస్తాడు. ఇన్నాళ్ళూ బ్రోకర్ అబద్ధం బ్రోకర్‌తో పోయేది. ఇప్పుడు సంఘమే తరగతి పెడితే ఆ అబద్ధం కింద మన రిజిస్ట్రేషను నంబరు ఉంటుంది.

ఫారంలో అడిగేవి చూడండి. శిక్ష పడిందా? శాంతి భద్రతల కోసం బాండు రాయించుకున్నారా? ముందు ఎప్పుడైనా లైసెన్సు అడిగితే కాదన్నారా? ఉన్నది రద్దయిందా? ఇంట్లో ఇంకెవరికైనా లైసెన్సు ఉందా? ఎక్కడ భద్రపరుస్తారు? వీటికి తర్ఫీదు ఎందుకు? ఉన్నది చెప్పడానికి ట్యూషను అక్కర్లేదు. గట్టు తగాదాలో ఎప్పుడో పెట్టిన కేసు, రాజీ అయి కొట్టేశారు, చెప్పాలా అని అడుగుతారు. అడిగితే చెప్పాలి. కేసు నంబరూ, కొట్టేసిన ఆర్డరు కాపీ జతచేసి మరీ చెప్పాలి. కేసు ఉన్నంత మాత్రాన లైసెన్సు పోదని అలహాబాద్ హైకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. చెప్పిన కేసుతో బయటపడొచ్చు. దాచిన కేసు స్టేషను రికార్డులో కనిపించిన నిమిషంలో మాత్రం మన మీద నమ్మకం పోతుంది.

రెండోది లెటర్‌హెడ్. "ఫలానా ఆయన మా సంఘ సభ్యులు, సత్ప్రవర్తన కలవారు, తుపాకీ ఇచ్చుటకు అభ్యంతరం లేదు." దీని మీద అధ్యక్షులవారూ, కార్యదర్శిగారూ సంతకం పెడతారు. వారిద్దరి మీదా నాకు గౌరవమే. కానీ మూడు జిల్లాల్లో విస్తరించిన సంఘంలో ఏ సభ్యుడు రాత్రి పదింటికి ఇంట్లో ఎలా ఉంటాడో వారికి ఎలా తెలుస్తుంది? కార్తీక వనభోజనంలో వడ్డించిన మనిషిని చూసి సత్ప్రవర్తన అంటామా? చందా కట్టినవాడల్లా సత్పురుషుడేనా? పోనీ, అడిగినవాళ్ళలో ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకుండా ఉండగలమా? ఇవ్వకపోతే ఆ ఇల్లు సంఘానికి దూరం. అందుకే అందరికీ ఇస్తాం. అందరికీ ఇచ్చే కాగితానికి విలువేముంటుంది?

విలువ లేకపోతే పోనీ అనుకోవచ్చు. కానీ బాధ్యత మాత్రం ఉంటుంది. పెళ్ళి ఊరేగింపులో సరదాకి గాల్లోకి కాల్చడం 2019 సవరణ తర్వాత విడిగా నేరం. రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మన లెటర్‌హెడ్‌తో లైసెన్సు తెచ్చుకున్న కుర్రాడు అలాంటి పని చేస్తే మర్నాడు ఇక్కడి పేపర్లో "తెలుగువాళ్ళ సంఘం సిఫారసు" అని వస్తుంది. మనం ఈ నేల మీద డెబ్భై ఏళ్ళుగా ఉన్నా, ఏదైనా జరిగినప్పుడు "ఆంధ్రావాళ్ళు" అనే మాట ఎంత తొందరగా బయటికి వస్తుందో మీకు నేను చెప్పాలా? హోసూరు, బాగేపల్లి వైపు మన కంటే ఎన్నో తరాల ముందు నుంచి ఉన్నవాళ్ళకీ, పర్లాకిమిడి వైపు వాళ్ళకీ ఈ అనుభవం కొత్త కాదు. మన మాటకి ఉన్న పరువే మన ఆస్తి. దాన్ని తుపాకీ గొట్టానికి కట్టొద్దు.

మూడోది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. విచారణలో పోలీసులు దరఖాస్తుదారుణ్ణి ఒక్కణ్ణే అడగరు. పక్కింటివాళ్ళని అడుగుతారు. క్యాంపులో పక్కిల్లు అంటే మనమే. ఈ పోస్టు చదివేవాళ్ళలో తుపాకీ అడిగేవాళ్ళు పదిమంది కూడా ఉండరు. కానీ ఎప్పుడో ఒకప్పుడు పక్కింటివాడి గురించి పోలీసుకి జవాబు చెప్పాల్సి వచ్చేవాళ్ళు వందలమంది ఉంటారు. అప్పుడు మనం ఏం చెబుతున్నాం?

"మంచోడే సార్. ఏ గొడవా లేదు సార్." అంతే. సంతకం. ఒక టీ. అయిపోయింది.

మా వైపు ఒక క్యాంపులో జరిగింది చెబుతాను. ఊరూ పేరూ అడగొద్దు, చెప్పను. అతను పగలంతా బంగారం. చీకటి పడితే తాగుడు. తాగితే ఇంట్లో కొట్లాట. అది ఆ వీధి మొత్తానికి తెలుసు. విచారణకి వచ్చినప్పుడు ఇద్దరు పక్కింటివాళ్ళు మంచోడే అని సంతకం పెట్టారు. డాక్టరు సర్టిఫికెట్టూ దొరికింది. మానసిక ఆరోగ్యం బాగుందనీ, మత్తుకి బానిస కాదనీ డాక్టరు రాసివ్వాలని 2016 నియమాల్లోనే ఉంది. మనిషిని చూడకుండా రాసిచ్చే డాక్టరు ఏ ఊళ్ళో దొరకడు? లైసెన్సు వచ్చింది. ఒక రాత్రి అతను ఆ తుపాకీ తీసి పెళ్ళాన్నీ పిల్లల్నీ వాకిట్లో నిలబెట్టాడు. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు పెద్దమనుషులు పంచాయితీకి కూర్చుంటే ఆ ఇల్లాలు ఒకే మాట అంది: "అందరూ సంతకాలు పెట్టారు కదా బాబాయ్, నన్నెవరూ అడగలేదేం?"

దానికి ఆ పంచాయితీలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇప్పటికీ లేదు. పోలీసులు ఆమెని అడగలేదు. అడిగినా భర్త పక్కన నిలబడి ఉండగా అడిగి ఉంటారు. పక్కింటివాళ్ళు ఆమె తరఫున మాట్లాడలేదు. మనం ప్రవేశపెట్టబోయే సత్ప్రవర్తన పత్రంలో కూడా ఆమెని అడగాలన్న మాట ఎక్కడా లేదు. తుపాకీ వల్ల ముందుగా ప్రమాదం వచ్చేది దొంగకి కాదు, ఆ కప్పు కింద పడుకునే వాళ్ళకి. అప్పుల్లో ఉండి, పంట పోయి, మనసు చెదిరి ఉన్న మనిషి ఇంట్లో అయితే ఆ ప్రమాదం ముందు అతనికే. ఇది మన క్యాంపుల్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

"పక్కింటివాడి గురించి పోలీసుకి చెడ్డ చెప్పి రేపట్నుంచి మొహం ఎలా చూడను" అంటారు. అర్థమవుతుంది. ఒకే కాలువ నీళ్ళు పంచుకునేవాళ్ళం. కానీ చెడ్డ చెప్పమని ఎవరూ అనడం లేదు. తెలిసింది చెప్పండి, తెలియనిది తెలియదనండి. "తాగుతాడు సార్, తాగితే గొడవ అవుతుంది" అనేది చాడీ కాదు, చూసిన సంగతి. చెప్పలేకపోతే "నేను సంతకం పెట్టలేను సార్" అని ఊరుకోండి. అబద్ధపు సంతకం కంటే ఆ మౌనం మేలు. ఏ మాత్రం పని తెలిసిన దఫేదారైనా ఆ మౌనానికి అర్థం తెలుసుకుంటాడు.

సరే, ఇవన్నీ వద్దంటే మరి సంఘం ఎందుకు, మనవాళ్ళకి మనం సాయం చేయకపోతే ఎవరు చేస్తారు అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. సంఘం చేయాల్సిన సాయం ఒకటుంది. అది మన ప్రతిపాదనలో లేదు.

మన పెద్దవాళ్ళలో చాలామందికి కన్నడ మాట వచ్చు, అక్షరం రాదు. తెలుగు బడి చదువే వాళ్ళది. తమిళనాడులో, ఒడిశాలో ఉన్న మనవాళ్ళలో కూడా కొందరిది ఇదే కథ. విచారణలో వాళ్ళు చెప్పేది ఒకటి, కాగితం మీద పడేది ఒకటి. పోలీసు కావాలని తప్పు రాస్తాడని నేను అనను. సగం తెలుగులో, సగం కన్నడలో గబగబా చెప్పింది అతనికి అర్థమైనట్టు రాసుకుంటాడు. మనవాడు చదవలేక సంతకం పెడతాడు.

దాని ఫలితం చూడండి. ఆరెకరాల వరి ఉన్న ఒక పెద్దాయన పందుల కోసమని అడిగాడు. మాటల్లో "పక్క పొలం వాళ్ళతో గట్టు పేచీ ఏమైనా ఉందా" అంటే, ఉంది, సర్వేకి పెట్టాం అని నిజం చెప్పాడు. కాగితంలో మాత్రం పక్క పొలం వాళ్ళ నుంచి రక్షణ కోసం తుపాకీ అడుగుతున్నట్టు పడింది. పందుల మాటే లేదు. పెద్దాయన సంతకం పెట్టేశాడు. లైసెన్సు కాదన్నారు. కారణం తెలియక ఏడాది పాటు ఆంధ్రావాడినని ఇవ్వలేదనుకుంటూ తిరిగాడు. చివరికి కారణాలు రాతలో ఇమ్మని అడిగితే అప్పుడు బయటపడింది. ఆ కాగితం ప్రకారం చూస్తే డీసీ కాదనడం సబబే! గట్టు తగాదా ఉన్నవాడు తగాదా కోసం తుపాకీ అడిగితే ఎవరిస్తారు?

ఆయనకి కావలసింది సత్ప్రవర్తన పత్రమా? తర్ఫీదా? కాదు. రాసింది చదివి వినిపించే ఒక మనిషి. అంతే. కన్నడ చదవడం వచ్చిన మన కుర్రాడు ఒకడు పక్కన కూర్చుని "తాతా, ఇలా రాశారు, నువ్వు చెప్పింది ఇదేనా" అని అడిగి ఉంటే ఆ ఏడాది మిగిలేది.

ఆ తోడు మనం ఇవ్వగలం. ఆ కుర్రాడు జవాబులు అందించకూడదు. పెద్దాయన తరఫున మాట్లాడకూడదు. చదివి వినిపించాలి, తప్పు పడితే దిద్దమని మర్యాదగా అడగాలి, తేదీ వేయించాలి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టనివ్వకూడదు. దిద్దకపోతే, తన మాటల్లో తెలుగులోనే ఒక అర్జీ రాసి డీసీకి పంపొచ్చు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం కష్టం చెప్పుకునే విజ్ఞాపన దేశంలోగానీ, ఆ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇవ్వొచ్చు. భాషాపరమైన మైనారిటీలమని ప్రతి ఉగాది సభలోనూ ఉపన్యాసాలిస్తాం. ఆ అధికరణం పనికొచ్చేది ఇలాంటి చోట.

ఇక "పోలీసులు డబ్బులు అడుగుతారు, నెలల తరబడి తిప్పుతారు, వాళ్ళతో నిజాయితీ ఏంటి" అనే వాదన. నిజమే, తిప్పేచోట తిప్పుతారు. చాయ్ ఖర్చుల పేరుతో ఎంత అడుగుతారో మనకి తెలియంది కాదు. దానికి మందు అబద్ధం కాదు, గడువు. 30 రోజులు దాటాక నివేదిక పంపారా లేదా అని సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అడగండి. ఆ దరఖాస్తు కన్నడలో గానీ, ఇంగ్లీషులో గానీ, హిందీలో గానీ పెట్టాలి, అది కూడా మన కుర్రాళ్ళు రాసిపెట్టొచ్చు. నివేదిక కోసం ఆగక్కర్లేదని చట్టమే చెబుతోందని డీసీకి గుర్తు చేయండి. కాదంటే కారణం అడగండి, అప్పీలుకి వెళ్ళండి. ఈ దారి కష్టమే. కానీ ఈ దారిలో నడిచినవాడు ఎవరికీ భయపడనక్కర్లేదు. నిజం చెప్పినవాడికే గడువు అడిగే గొంతు ఉంటుంది. దొంగ జవాబు ఇచ్చినవాడు, ఫైలు మళ్ళీ తెరుస్తారేమోనని ఆలస్యం మీద కంప్లయింటు కూడా పెట్టలేడు.

"మిగతా సంఘాలన్నీ ఇస్తున్నాయి" అని ఇంకో మాట. ఇవ్వనీయండి. వాళ్ళు ఇవ్వడం చూసి మనం ఇవ్వడం మొదలుపెడితే, మనల్ని చూసి ఇంకొకరు మొదలుపెడతారు. దానికి అంతు ఉండదు.

రైతు సోదరులకి విడిగా ఒక మాట. పంట కాపలాకి చట్టం ముందుగా చెప్పేది మందు దట్టించి కాల్చే నాటు తుపాకీ గురించి. అది చాలదని అధికారి నమ్మితేనే మామూలు తుపాకీ. అది చేతిలో ఉన్నంత మాత్రాన పందిని కాల్చే అనుమతి వచ్చినట్టు కాదు. వన్యప్రాణుల చట్టం 1972 విడిగా ఉంది. అటవీ శాఖ అనుమతి విడిగా కావాలి. నెమలి మీద గురిపెడితే ఇంకా పెద్ద కేసు. హోసూరు వైపు ఏనుగుల బాధ ఉన్నవాళ్ళకయితే ఈ తుపాకీ ఏ పనికీ రాదు. కాబట్టి విచారణలో "పందుల్ని కాల్చడానికి" అనే బదులు మీ నిజమైన అవసరం ఏమిటో ముందు మీరు ఆలోచించుకోండి. బెదరగొట్టడానికా? రాత్రి కాపలాలో ధైర్యానికా? సోలారు కంచె వేసుకుంటే తీరేదేనా? నిజంగా కావాలనుకుంటే పహణీ, పంట నష్టానికి అటవీ శాఖకి పెట్టిన అర్జీల కాపీలు, నష్టపోయిన పొలం ఫోటోలు తీసుకెళ్ళండి. ఏ లెటర్‌హెడ్ కంటే అవి బలమైన సాక్ష్యం.

హోదా కోసం అడిగేవాళ్ళకి మాత్రం నేనేం చెప్పను. కారు ముందు సీట్లో తుపాకీ పట్టుకుని దిగిన ఫోటో స్టేటస్‌లో పెట్టాలనే కోరిక ఉన్నవాళ్ళు ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని డిపాజిట్ చేయమని స్టేషను నుంచి పిలుపొస్తుందనీ, ఒక్కరికి రెండుకి మించి 2019 నుంచి కుదరదనీ, తండ్రి పేరున ఉన్నది కొడుక్కి రావాలన్నా కొడుకు విడిగా దరఖాస్తు పెట్టుకుని విచారణకి నిలబడాల్సిందేననీ తెలుసుకుంటే చాలు.

కాబట్టి ఐదో అంశానికి బదులుగా నేను పెట్టే సవరణ ఇది.

1. ఆయుధ లైసెన్సు కోసం సంఘం ఎవరికీ సత్ప్రవర్తన పత్రం ఇవ్వదు. కార్యవర్గ సభ్యులు వ్యక్తిగతంగా ఇచ్చుకుంటే అది వారి సొంత బాధ్యత. సంఘం పేరు, పదవి పేరు వాడకూడదు.

2. విచారణలో జవాబులు నేర్పే తరగతులు ఉండవు. దానికి బదులు, స్థానిక భాష చదవడం రానివారికి రాసిన వాంగ్మూలాన్ని చదివి వినిపించే తోడు ఇస్తాం. ప్రతి తాలూకాకీ ఇద్దరు, అందులో ఒకరు మహిళ. ఇది తుపాకీకే కాదు, పాస్‌పోర్టు విచారణకీ, భూమి పంచనామాకీ కూడా పనికొస్తుంది.

3. 30 రోజులు, 60 రోజులు, కారణాలు రాతలో, అప్పీలు. ఈ నాలుగు సంగతులూ తెలుగులోనూ కన్నడలోనూ ఒకే పేజీలో అచ్చు వేసి ప్రతి క్యాంపుకీ పంచుతాం.

4. దరఖాస్తుదారుడి ఇంట్లో ఆడవాళ్ళని విడిగా, వీలైతే మహిళా పోలీసు చేత అడిగించమని డీసీకీ, ఎస్పీకీ సంఘం తరఫున వినతిపత్రం ఇస్తాం. పక్కింటి సాక్ష్యం కోసం పిలిస్తే తెలిసిందే చెబుతామని మనకి మనం తీర్మానం చేసుకుంటాం.

నాలుగోది దాటితే మిగతా మూడూ సర్దుకుంటాయి. అది లేకుండా మిగతావి ఎన్ని ఉన్నా, ఆ ఇల్లాలు వేసిన ప్రశ్నకి మన దగ్గర జవాబు ఉండదు.

ఈ సవరణకి బలపరిచేవాళ్ళు కావాలి. గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకోవద్దు, సమావేశానికి రండి. ముఖ్యంగా అక్కచెల్లెళ్ళు రండి. వెనక వరసలో భోజనాల ఏర్పాట్లు చూసుకోవడానికి కాదు, ముందు వరసలో కూర్చోండి. ఐదో అంశం చర్చకి వచ్చినప్పుడు మీరు లేచి మాట్లాడితే నేను రాసిన ఈ పొడుగు పోస్టు కంటే ఆ రెండు మాటలకే బలం ఎక్కువ. వ్యతిరేకించేవాళ్ళూ రండి, మీ కారణాలు చెప్పండి. ఓడితే ఒప్పుకుంటాను, కానీ లెటర్‌హెడ్ మీద మొదటి పత్రం రాసే రోజున ఆ ఇంటి ఆడవాళ్ళని అడిగారా అని మాత్రం అడుగుతూనే ఉంటాను.

ఉంటాను.